దీవిలో తుఫాను, మా ఊళ్లో పరుగు

చాయ్ చల్లారకముందే చెప్పేస్త. మధ్యల మాత్రం నవ్వొద్దు. మొన్న మా ఊరు ఊరంతా పట్టపగలు గుట్ట ఎక్కింది. గోదారి రాలే. వాగు పొంగలే. ఎక్కించింది నేనే. ఇంకో సంగతి ఏందంటే, అందరికంటే వెనక ఎక్కింది, అందరికంటే ఎక్కువ భయపడి ఎక్కింది కూడా నేనే.

నా పని ఏందో తెలియనోళ్ల కోసం చెప్తున్న. నాకో ఆటో ఉన్నది, దాని మీద మైకు. బూర్గంపాడు చుట్టుపక్కల చీరల షాపు తెరిచినా, మేక తప్పిపోయినా, కరెంటు తీస్తరన్నా, ఎవరన్నా కాలం చేసినా చెప్పేది నా గొంతే. వానకాలం వచ్చిందంటే పంచాయతీ పని గూడ నాదే. భద్రాచలం దగ్గర నీళ్లు పెరిగినయని ఫోన్ రాంగనే పంచాయతీ ఆఫీసుల కూసోని మైకుల చెప్త. ఊళ్ల స్తంభాలకు కట్టిన హారన్లన్నిట్ల అది మోగుతది. ఇంక జనం ఆలోచించరు. బియ్యం బస్తా, గ్యాస్ బండ, కోళ్ల గంప పట్టుకొని బడి ఉన్న గుట్ట ఎక్కుతరు. సెల్‌ఫోన్ల మెసేజ్ వస్తే 'చూద్దాంలే' అంటరు, టీవీల చెప్తే 'అది భద్రాచలం కథ' అంటరు. ఈ వెంకన్న, అంటే నేను చెప్తే మాత్రం లేస్తరు. వాగు పక్క కింది వాడల ఎల్లమ్మవ్వ ఒక్కతే ఉంటది, మోకాళ్లు పనిచెయ్యవు. ఆమె నా గొంతు వినంగనే కర్ర తీసుకొని గడపల నిలబడుతది, నేను ఆటో తీసుకొని పోత. ఇదంతా గొప్పకు చెప్పట్లే. ఇప్పుడు చెప్పుకున్నా లాభం లేదు.

అట్లాంటి గొంతు మీద శ్రావణి మేడం కన్ను పడ్డది. హైదరాబాద్ల ఉంటది, పర్యావరణం మీద సినిమాలు తీస్తది. పోయినసారి వరద వీడియో ఏదో చూస్తుంటే వెనక నా హెచ్చరిక వినపడ్డదంట. నంబర్ పట్టుకొని ఫోన్ చేసింది.

"అన్నా, ఒక డాక్యుమెంటరీ ఉంది. సముద్రం మధ్యలో ఒక దీవి. అక్కడ హరికేన్లు, అంటే పెద్ద పెద్ద తుఫాన్లు, ఏటేటా ఎట్లా ముదురుతున్నాయి, ఒడ్డు ఎట్లా కోసుకుపోతోంది, జనం ఎట్లా తట్టుకుంటున్నారు, అదంతా ఉంటుంది. గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లకు తెలుగులో చూపిద్దామనుకుంటున్నాం. మీ గొంతు కావాలి."

"హీరో ఎవరు మేడం?"

"హీరో లేడన్నా. ఉన్నదల్లా తుఫానే."

"అంటే తుఫానుకు నేను డబ్బింగా?"

"తుఫాను మాట్లాడదన్నా," అన్నది ఆమె ఓపికగ. "మీరు వ్యాఖ్యానం చెప్పాలి. ముందు కొంచెం శాంపిల్ రికార్డ్ చేసి పంపండి. బాగుంటే మొత్తం సినిమా మీదే."

ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అన్నది. "రాసింది రాసినట్టు చదవకండి. మీ ఊరోళ్లకు మీరు ఎట్లా చెప్తారో అట్లా చెప్పండి." కొంప మునిగింది ఆ మాట దగ్గరనే. తప్పు ఆమెది కాదు. పాపం, ఆమెకు నా సంగతి తెల్వదు.

సినిమా ఫోన్లకు పంపింది. చూసిన. నేను సముద్రాన్ని చూసినోణ్ణి కాదు. మా ఇంటామెను వైరాల పుట్టింటికి దింపబోయినప్పుడు అక్కడి రిజర్వాయర్ చూసి ఇదే సముద్రమనుకున్న మనిషిని. కానీ ఆ సినిమాల ఒక ముసలామె నెత్తి మీద పొయ్యి పెట్టుకొని, చంకల కోడిని ఇరికించుకొని నీళ్లల్ల నడుస్తుంటే ఫోన్ ముఖం దగ్గరికి పట్టుకొని చూసిన. అచ్చం మా ఎల్లమ్మవ్వ! ఆమెకు కూడా పొయ్యి ముందు, ప్రాణం తర్వాత. ఇంకోచోట ఒక చేపలు పట్టే ఆయన, ఇంతకుముందు తుఫాను వస్తే ముందే తెలిసేదని, ఇప్పుడు పొద్దున ఎండ, సాయంత్రానికి ఇల్లు లేదని చెప్తుండు. మా వాగు గూడ అంతే కదా! అడవి దట్టంగ ఉన్న రోజుల్ల మెల్లగ వచ్చేది. ఇప్పుడు ఎక్కడో పైన కురిస్తే కింద మనం అన్నం తినేలోపు గడపల ఉంటది. ఇది మావోళ్లు చూడాల్సిన సినిమానే అనుకున్న. నా గొంతుతోనే చూడాలనుకున్న. ఈ రెండో కోరికనే కొంచెం ఎక్కువైంది.

మరి రికార్డింగ్ ఎక్కడ చెయ్యాలె? మా ఇల్లు రేకుల ఇల్లు, వాన పడితే నా మాట నాకే వినపడదు. పక్కనే మా మంగక్క టిఫిన్ సెంటర్. అక్కడ గ్రైండర్ తిరుగుతనే ఉంటది, అది ఆగితే అక్క మాట్లాడుతది. ఊళ్ల స్లాబ్ ఉండి, తలుపు గట్టిగ పడే గది ఒక్కటే, పంచాయతీ ఆఫీసు. వానకాలం తాళం నా దగ్గరనే ఉంటది. మధ్యాహ్నం అన్నం తిని పోయిన. తలుపు వేసిన, కిటికీ వేసిన. మేడం చెప్పినట్టు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని సినిమా పెట్టిన. చెవుల్ల తుఫాను హోరుమని మొదలైంది. రికార్డింగ్‌కు ఇంకో ఫోన్ పక్కన పెట్టుకున్న.

"హరికేన్ అనగా..." అని మొదలుపెట్టిన. వినుకున్న. ఎవరో లీవ్ అడుగుతున్నట్టుంది. మళ్లీ చెప్పిన. ఈసారి రేషన్ షాపుల బియ్యం ఎప్పుడొస్తయని అడుగుతున్నట్టుంది. అప్పుడు అర్థమైంది. చేతిల మైకు లేకుంటే నాకు గొంతు రాదు! ఇంట్ల మాట్లాడేటప్పుడు కూడా మా ఇంటామె "గట్టిగ చెప్పు" అని ఎప్పుడూ అంటనే ఉంటది.

టేబుల్ మీద పంచాయతీ మైకు ఉన్నది. ఊరికే పట్టుకుందామని తీసిన. పట్టుకోవడానికే, అంతే. కింద ఆంప్లిఫయర్ ఆన్‌ల ఉన్న సంగతి నాకు తెలుసు. వరద రోజుల్ల దాన్ని ఆపొద్దని సర్పంచ్ సాబ్ ఆర్డర్. అయినా మైకు మీద స్విచ్ ఉంటది కదా, అది కిందికే ఉన్నది, కళ్లతోని చూసిన. నేను చూడనిది నా బొటనవేలును. ఏండ్ల తరబడి మైకు చేతికి రాంగనే స్విచ్ పైకి నెట్టుడు దానికి అలవాటు. నన్ను అడగదు, నాకు చెప్పదు. దాని డ్యూటీ అది చేసింది.

ఇంక చూస్కోండి, గొంతు వచ్చేసింది!

మేడం రాసిచ్చిన కాగితంల ఆ దీవి పేరు ఒకటి ఉన్నది. రెండుసార్లు ట్రై చేస్తే నాలుక మడతపడ్డది. మీ ఊరోళ్లకు చెప్పినట్టు చెప్పమన్నది కదా అని 'మన ఊరు' అన్న. సముద్రం అంటే మావోళ్లకు ఏం ఆనుతదని గోదారి అన్న. కొబ్బరిచెట్లు తీసి తాటిచెట్లు పెట్టిన. అక్కడి మేయర్‌ను సర్పంచ్ చేసిన. ఆఖరికి తుఫాను పేరు దగ్గర ఆగిన. అక్కడ తుఫాన్లకు మనుషుల పేర్లు పెడతరంట, దీనికి ఏదో ఆడమనిషి పేరు పెట్టిండ్రు. అది గూడ నోరు తిరగలే. మా ఇంటి పక్క గ్రైండర్ చప్పుడు గుర్తొచ్చిందో ఏమో, నోటికి అలవాటైన పేరు వచ్చేసింది. మంగ.

నా అలవాటు ప్రకారం ప్రతి ముక్కా రెండుసార్లు చెప్పిన.

"ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా! మంగ బయలుదేరింది! మంగ బయలుదేరింది! గోదారి మీదుగా మన ఊరి వైపే దూసుకొస్తుంది! ఎదురొచ్చిన తాటిచెట్టునల్లా వేళ్లతో సహా పెకిలిస్తుంది! కింది వాడ మునిగిపోయింది! కింది వాడ మునిగిపోయింది! సర్పంచ్ గారి ఇంటి పైకప్పు లేచిపోయింది! ఇంత ఉగ్రరూపం మన పెద్దలు కూడా ఎరుగరు! ఇప్పటికే అనేకమంది ఎత్తైన ప్రదేశాలకు చేరుకున్నారు! కావున..."

కాగితంల అక్కడ 'కావున' లేదు. కానీ నా నోట్ల 'కావున' వచ్చిందంటే వెనక మిగతాది దానంతట అదే వస్తది.

"కావున తామెల్లరూ కుటుంబ సమేతంగా తరలిరావలసిందిగా కోరుచున్నాము! ఆలసించిన ఆశాభంగం!"

అబ్బ, ఏం వచ్చిందండీ! ఇంత బాగ నేను చీరల షాపుకు కూడా చెప్పలే. సినిమాల ముసలామె కనపడంగనే నిజంగనే ఏడుపొచ్చి గొంతు వణికింది. వణికితే వణికింది, నేచురల్‌గ ఉంటదిలే అని అట్లనే కానిచ్చిన. హెడ్‌ఫోన్ల గాలి, వాన, రేకులు ఎగిరిన చప్పుడు. బయట ఏం అవుతుందో నాకు ఒక్క ముక్క వినపడలే.

అంతా అయినంక హెడ్‌ఫోన్ తీసిన. నిశ్శబ్దం. చినుకులు గూడ ఆగినయ్. తలుపు తీసి బయటికొచ్చిన. బజార్ల మనిషి లేడు! మంగక్క టిఫిన్ సెంటర్ల పొయ్యి మీద నూనె కాగుతుంది, పక్కన సగం వేసిన బజ్జీల పిండి. అక్క లేదు. రోడ్డు మీద ఒక చెప్పు, ఒకటే చెప్పు. పైకి చూస్తే గుట్ట దారిల జనం చీమల బారు లెక్క ఎక్కుతుండ్రు, నెత్తిన మూటలు, గ్యాస్ బండలు. ట్రాక్టర్ మీద ఎవరిదో ఫ్రిజ్ నిలబడి పోతుంది.

వాగు వచ్చింది! నేను సినిమాల మునిగి ఊరికి చెప్పలే! ముందు పొయ్యి ఆర్పిన, తర్వాత పంచాయతీ ఆంప్లిఫయర్ పీకి చంకల పెట్టుకున్న, అది సర్కారు సొమ్ము కదా. ఆటో ఎక్కి కింది వాడకు ఉరికిచ్చిన. ఎల్లమ్మవ్వ ఇల్లు ఖాళీ. అమ్మయ్య అనుకొని, ఆటో అక్కడనే వదిలేసి, వెనక్కి చూడకుండ గుట్టకు అడ్డం పడి ఉరికిన. చెప్పులు జారినయ్, ప్యాంటు తుమ్మముళ్లకు చినిగింది. సగం దారిల మూట మోస్తున్న యాదగిరన్న దొరికిండు. మా వాడనే, మిర్చి రైతు.

"యాదగిరన్నా! నీళ్లు యాడిదాక వచ్చినయ్?"

"నాకేం తెలుసే, నేను చూడలే. జల్దీ ఎక్కు!"

"మరి ఎవరు చెప్పిండ్రు?"

ఆయన మూట కింద పెట్టి నన్ను పైనుంచి కిందిదాక చూసిండు.

"నువ్వే కదా చెప్పినవ్!"

నాకు ఇంకా వెలగలే. "నేనా? ఎప్పుడు?"

"ఇప్పటిదాక! ఏడ్సుకుంట గూడ చెప్పినవ్ కదా! నువ్వు ఏడుస్తుంటే మా ఇంటిది అన్నం గిన్నె పొయ్యి మీదనే వదిలేసి ఉరికింది."

అప్పుడు నేను నా బొటనవేలు దిక్కు చూసుకున్న.

గుట్ట మీద బడి వరండాల ఊరంతా ఉన్నది. పైన గూడెం వాళ్లు పాపం పొయ్యి ముట్టిచ్చి అందరికీ డికాషన్ పోస్తుండ్రు. ఎల్లమ్మవ్వను నలుగురు పట్టి మంచంతో సహా మోసుకొచ్చిండ్రంట, మధ్యల కూసోని మోకాళ్లు పట్టుకుంటుంది. నేను నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పిన. సినిమా అన్న, దీవి అన్న, పర్యావరణం అన్న. ముందుగ సర్పంచ్ సాబ్ లేచిండు.

"అయితే నా ఇంటి పైకప్పు?"

"బాగనే ఉన్నది సాబ్. అది దీవిల మేయర్‌ది."

"నేను ఇంట్లనే పండుకొని ఉన్న వెంకన్నా! పైకప్పు లేచిపోయిందని మైకుల విని, పైకి చూసిన. కనపడుతుంది. కనపడ్డా నమ్మలే. నువ్వు చెప్పినవ్ కదా అని ఉరికొచ్చిన!"

నా మాట మీద నమ్మకం అంటే అదీ. అది పోగొట్టుకున్నది కూడా అదే నిమిషంల.

వెనక నుంచి జనం జరిగి దారిచ్చిండ్రు. మంగక్క వచ్చింది. చేతిల పిండి గరిటె అట్లనే ఉన్నది.

"ఏం తమ్మీ, నేను తాటిచెట్లు ఎప్పుడు పీకిన్రా?"

"అక్కా, అది తుఫాను పేరే. అక్కడ మనుషుల పేర్లు పెడతరంట."

"నీ పేరు పెట్టుకోపోయినవ్?"

"మొగోళ్ల పేరు కాదక్కా, దానికి..."

"ఉగ్రరూపమా? పెద్దలు కూడా ఎరుగరా?" అన్నది. జనం మొత్తం నవ్విండ్రు. అక్క నవ్వలే. నాకు ఆ పూట బజ్జీలు లేవన్నది. అందరూ మూటలు సర్దుకొని, నన్ను ఎవరికి తోచినట్టు వాళ్లు తిట్టుకుంట దిగిపోయిండ్రు. ఫ్రిజ్ మాత్రం దిగనని మొరాయించింది, దాన్ని నాతోనే మోయించిండ్రు.

ఇక్కడితో అయిపోతే నవ్వుకొని ఊకునేటోళ్లం. తెల్లారి మధ్యాహ్నం పంచాయతీ కార్యదర్శి సారు ఫోన్ చేసిండు. పైన గట్టిగ కురిసింది, గోదారి ఎగదన్నుతుంది, వాగు ఈ సాయంత్రానికే ఊళ్లకొస్తది, కింది వాడ ఖాళీ చేయించుమన్నడు. నిజమైన కబురు. నేను పంచాయతీకి ఉరికి, ఆంప్లిఫయర్ బిగించి, ఈసారి తెలిసే స్విచ్ నెట్టి చెప్పిన. రెండుసార్లు చెప్పిన. నాలుగుసార్లు చెప్పిన. బయటికొచ్చి చూసిన.

అరుగు మీద పిల్లలు అష్టాచెమ్మా ఆడుతనే ఉన్నరు. యాదగిరన్న బీడీ ముట్టిచ్చుకుంట, "ఇయ్యాల ఏ సినిమానే?" అన్నడు.

"అన్నా, నిజం! నీళ్లొస్తున్నయ్!"

"పైకప్పు ఎవరిది లేచింది?"

ఇంటింటికీ పోయిన. నవ్వుతుండ్రు. ఒకామె అయితే "ఇంతకు మంగ బయలుదేరిందా?" అని అడిగి తలుపేసుకున్నది. కింది వాడకు పోయేసరికి సందు చివర ఎర్రనీళ్లు పాకుతున్నయ్, చప్పుడు లేకుండ. ఎల్లమ్మవ్వ మంచం మీద కాళ్లు ముడుచుకొని ఆకు నములుతుంది.

"అవ్వా, లే. నీళ్లొచ్చినయ్."

"నిన్న గూడ గిట్లనే అన్నవ్ కొడుకా. నిన్న ఎక్కిన నొప్పి ఇంకా దిగలే. నేను రాను పో."

"సందుల ఉన్నయ్ అవ్వా, వచ్చి చూడు!"

"చూడనీకి లేవాలె కదరా. లేస్తే మోకాళ్లు నొస్తయ్."

నాకు అప్పుడు నిజంగ భయమైంది. నిన్నటి భయం దీని ముందు ఆట. ఎత్తుకుందామని వంగితే కర్ర తీసింది. నా గొంతు విని కర్ర పట్టుకొని గడపల నిలబడే మనిషి, అదే కర్ర నా మీదికి ఎత్తింది. సినిమాల గొంతు అనిపించుకోవాలని మోజుపడి, ఉన్న గొంతు పోగొట్టుకున్న. ఈ ముసలామెకు ఏమన్నా అయితే నేను మైకు ముఖం ఎట్ల చూడాలె?

ఉరికిన. టిఫిన్ సెంటర్ల అక్క ఉల్లిగడ్డలు కోస్తుంది. ఊపిరి తీసుకోకుండ, "అక్కా, వాగు ఎల్లమ్మవ్వ సందుల ఉన్నది, ఎవ్వరూ నమ్మట్లే, అవ్వ కర్ర ఎత్తింది, నువ్వు రా," అన్న. ఆమె నా ముఖం చూసింది. ఒక్క ప్రశ్న అడగలే. కత్తిపీట పక్కకు జరిపి నాతో పంచాయతీకి వచ్చి మైకు గుంజుకున్నది.

'తెలియజేయునది' లేదు, 'కావున' లేదు. గ్రైండర్ మీదికి అరిచే గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఏయ్, వినుండ్రి. నేను మంగను. నిన్న మా తమ్ముడు చెప్పింది సినిమా. ఇయ్యాల నేను చెప్పేది నిజం. నీళ్లు ఎల్లమ్మవ్వ సందులకు వచ్చినయ్. నేను పొయ్యి ఆర్పి గుట్టకు పోతున్న, రేపటిదాక ఊళ్ల ఎవరికీ టిఫిన్ లేదు. యాదగిరీ, బీడీ పడెయ్! ఎల్లమ్మా, కర్ర దించు, ఆటో వస్తుంది. ఎవలన్న ఇంట్ల కూసుంటే నేనే ఇంటికొస్త. వచ్చిన్నంటే మంచిగుండదు."

అబ్బబ్బ! తలుపులు టపటపా తెరుచుకున్నయ్. 'టిఫిన్ లేదు' అన్నప్పుడే సగం మంది లేచిండ్రు, 'నేనే ఇంటికొస్త' అన్నప్పుడు మిగతా సగం. నేను ఆటో తీసుకొని కింది వాడకు పోతే ఎల్లమ్మవ్వ పొయ్యి, కోడి, కర్ర పట్టుకొని గడపల రెడీగ ఉన్నది. అప్పటికే ఆటో చక్రాలు సగం మునిగినయ్. ఆమె ఎక్కి కూసోని, "మంగ చెప్పింది కాబట్టి వస్తున్న, నీ కోసం కాదు," అన్నది. ఏదైతే ఏంది, కూసున్నది. నాకు కళ్లల్ల నీళ్లు తిరిగినయ్. చీకటి పడకముందే కింది వాడల మూరెత్తు నీళ్లు నిలిచినయ్. మనుషులు, కోళ్లు, ఫ్రిజ్, అందరూ గుట్ట మీదనే ఉన్నరు. ఒక్కరికి దెబ్బ తగల్లే.

నీళ్లు తీసినంక శ్రావణి మేడం వచ్చింది. నేను పంపిన శాంపిల్ విన్నదంట. బాగుందన్నది, కానీ చివర్ల చీరల షాపు వినపడుతుందన్నది. మళ్లీ రికార్డ్ చేద్దామని వచ్చి, అక్క దగ్గర ఇడ్లీ తినుకుంట జరిగిందంతా అక్క నోటనే విన్నది. ఇడ్లీ అయిపోయింది, రెండో ప్లేట్ గూడ అయిపోయింది, ఇంకా వింటనే ఉన్నది. నాకు అక్కడనే అనుమానం వచ్చింది.

వారానికి బడి గోడ మీద తెల్లగుడ్డ కట్టి సినిమా వేసిండ్రు. ఊరంతా వచ్చింది. దీవి కనపడ్డది, తాటిచెట్లు కాదు, కొబ్బరిచెట్లే. గొంతు మంగక్కది. కాగితం చదవనే చదవదు, కనపడ్డోళ్లందరినీ తిడుతది. "ఆ పిల్ల కిటికీ కాడ ఏం చేస్తుంది, నీళ్లొస్తుంటే? పొమ్మనుండ్రి దాన్ని!" "ఒడ్డున ఉన్న చెట్లన్నీ నరుక్కున్నరు, ఇప్పుడు గాలొచ్చిందంటే రాదా మరి?" ముసలామె పొయ్యి ఎత్తుకొని నీళ్లల్ల నడిచే చోట మాత్రం అక్క తిట్టలే. "మెల్లగ, తల్లీ," అన్నది. అంతే. ఎల్లమ్మవ్వ కొంగుతో కళ్లు తుడుచుకున్నది. నేను కూడా తుడుచుకున్న. నా గొంతుతో అయితే అక్కడ 'తరలిరావలసిందిగా కోరుచున్నాము' వచ్చేది.

ఆఖర్ల పేర్లు పడ్డయ్. వ్యాఖ్యానం అని అక్క పేరు పెద్దక్షరాలల్ల వచ్చింది, చప్పట్లు. దాని కింద, కింద, ఇంకా కింద, నా పేరు గూడ వచ్చింది. 'ట్రాన్స్‌పోర్ట్' అని రాసి, పక్కన. అది ఇంగ్లిష్‌ల వేసిండ్రు, పైగ జల్దీ పోయింది, ఎవరూ చూడలే. సరే, నేనే లేచి మైకుల చెప్పుదామని అక్క దగ్గరికి పోయిన.

అక్క మైకు ఇయ్యలే.